నాన్నగారి గుండె ధమని ‘వెడల్పుగా ఉంది’ అన్నారు – బ్లాకు లేకపోయినా గుండెపోటు ఎలా వచ్చింది?

పట్టుచీర_బరంపురం – ఫిబ్రవరి 3, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది బరంపురం. నాన్నగారికి 61 ఏళ్లు. తొమ్మిదేళ్ల క్రితం మెట్లు ఎక్కుతుంటే గుండెల మీద బరువు పెట్టినట్టు ఉందంటే విశాఖపట్నం తీసుకువెళ్లి యాంజియోగ్రాం చేయించాం. బయటికి వచ్చిన డాక్టరుగారు “బ్లాకులు లేవు, ధమని కాస్త వెడల్పుగా ఉంది, మందులు వాడండి” అన్నారు. బ్లాకులు లేవన్న మాట విన్నాక తక్కిన రెండు మాటలూ మా చెవికి ఎక్కలేదు. ఊరు చేరగానే అమ్మ బుఢీ ఠాకురాణికి మొక్కు తీర్చుకుంది. నాన్నగారు మూడు నెలలు మాత్రలు మింగి మానేశారు. ఎందుకు మానేశారని మేమూ అడగలేదు.

గత నెల 11న తెల్లవారుజామున ఒళ్లంతా చెమట, రెండు వాంతులు, పొట్ట పైభాగంలో నొప్పి. చేయి లాగలేదు, ఛాతీ నొప్పి లేదు. గ్యాసు అనుకుని రెండు గంటలు పోగొట్టుకున్నాం. ఈసీజీ తీస్తే గుండెపోటు. యాంజియోగ్రాంలో కుడి ధమని పొడుగునా ఉబ్బిపోయి, లోపల రక్తం గడ్డకట్టి ఉందట. గడ్డను చాలావరకు పీల్చి తీశారు. స్టెంటు వేయలేదు. కాగితం మీద ‘డిఫ్యూజ్ ఎక్టేసియా, 6.8 మిల్లీమీటర్లు’ అని ఉంది. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, వాటితోపాటు అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్ వాడుతున్నారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. సన్నబడితే రక్తం అందదు, సరే. వెడల్పైతే ఇంకా బాగా పారాలి కదా? స్టెంటు ఎందుకు వేయలేదు? తొమ్మిదేళ్ల క్రితం మేము సరిగా వినకపోవడం వల్లే ఇది జరిగిందా? ఈ చివరి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు.

---

పర్లాకిమిడి_మాస్టారు – ఫిబ్రవరి 3, రాత్రి 10.25

అమ్మాయీ, ముందు నాన్నగారు ఇంటికి చేరారు, అది పెద్ద మాట. నేను వైద్యుణ్ణి కాను, భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నీ మొదటి ప్రశ్నకు మా మహేంద్రతనయ దగ్గర జవాబు ఉంది. ఏరు ఇరుకు గట్ల మధ్య ఉన్నప్పుడు ఉరుకుతుంది. అదే నీరు వెడల్పైన చోటికి రాగానే మందగించి, అంచుల్లో సుడి తిరుగుతూ ఉండిపోతుంది. వండలి పేరుకునేది అక్కడే. ఒక నాళం వ్యాసం రెట్టింపైతే దాని అడ్డుకోత నాలుగింతలవుతుంది. వచ్చే రక్తం అంతే కనుక వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కదలని రక్తం గడ్డకడుతుంది. తక్కినది తెలిసినవారు చెప్పాలి.

---

క్యాథ్‌ల్యాబ్_గుణుపురం – ఫిబ్రవరి 4, ఉదయం 6.50

మాది గుణుపురం. విశాఖలో ఒక ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రాంలు చేసి స్టెంట్లు వేసే గదిలో, సాంకేతిక ఉద్యోగిని. మాస్టారు చెప్పినది మేము తెర మీద కళ్లారా చూస్తాం. మామూలు ధమనిలోకి రంగు మందు వదిలితే మూడు నాలుగు గుండె చప్పుళ్లలో కొస దాకా వెళ్లి కడుక్కుపోతుంది. ఉబ్బిన ధమనిలో అది ముందుకు కదలక, కొంత వెనక్కి మళ్లి, ఒక మూలన పొగమంచులా నిలబడిపోతుంది.

స్టెంటు సంగతి. మేము రోజూ వాడేవి ఎక్కువగా 2.5 నుంచి 4 మిల్లీమీటర్లవి. 6.8 మిల్లీమీటర్ల నాళంలో అలాంటిది పెడితే గోడకు ఆనదు, గోడకు ఆనని లోహం మీద మళ్లీ గడ్డ కడుతుంది. పైగా గడ్డ నిండి ఉన్నప్పుడు బెలూను ఊదితే ముక్కలు తెగి కింది సన్న నాళాల్లోకి పోతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రక్తప్రవాహం తిరిగి మొదలైతే చాలని ఆగి, మందులతో గడ్డను కరగనిస్తారు. వేయకపోవడం నిర్లక్ష్యం కాదు చెల్లెమ్మా.

ఒక విన్నపం. తొమ్మిదేళ్ల నాటి యాంజియోగ్రాం సీడీ ఇచ్చి ఉంటారు. ఇల్లంతా వెతకండి. రిపోర్టు కాగితంలో కొలత ఉండకపోవచ్చు, సీడీలో బొమ్మ ఉంటుంది. అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో తేల్చేది అదే.

---

రైలుబాట_రాయగడ – ఫిబ్రవరి 4, ఉదయం 8.15

మా బాబాయికి కూడా ఇదే. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఇలాంటివారికి పనికిరాదని ఎవరో చెబితే ఆయన పారేశారు. మీ నాన్నగారి దగ్గర ఉంటే మీరూ పారేయండి. వార్ఫరిన్ ఎలుకల మందు కదా, అది ఎందుకు? ఉదయాన్నే వెల్లుల్లి తింటే రక్తం పలచబడుతుంది.

---

గుండెవైద్యం_గంజాం – ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 2.30

నేను గంజాం జిల్లాలో పనిచేస్తున్న హృద్రోగ వైద్యుణ్ణి. మీ నాన్నగారిని చూడలేదు కనుక ఆయన మందులు మార్చే మాట నేను అనను. జబ్బు గురించి చెబుతాను.

ముందుగా రాయగడ సోదరులకు. దయచేసి ఎవరి మందూ ఎవరూ పారేయమని చెప్పకండి. మీరు విన్నదానిలో సగం నిజం ఉంది. సన్నబడిన చోటు ఏదీ లేకుండా ధమనులు కేవలం ఉబ్బి ఉన్నవారిలో సార్బిట్రేట్ వంటి నైట్రేటు మందు నాళాన్ని ఇంకా సాగదీసి ప్రవాహాన్ని మరింత మందగింపజేయవచ్చు. అందుకే అలాంటివారికి మేము వేరే మందు వైపు చూస్తాం. కానీ ఉబ్బు ఉన్నవారిలో చాలామందికి పక్కనే సన్నబడిన చోట్లు కూడా ఉంటాయి, వారికి అదే మాత్ర అవసరం. ఎవరు ఏ రకమో యాంజియోగ్రాం సినిమా చూసిన వైద్యుడే చెప్పాలి. వెల్లుల్లి తినండి, కూరలో వేసుకుని. వార్ఫరిన్ చేసే పని అది చేయదు.

ఇప్పుడు జబ్బు. పక్కనున్న మామూలు భాగం కంటే ధమని ఒకటిన్నర రెట్లు లేదా అంతకు మించి వెడల్పైతే అసాధారణం అంటాం. పొడుగునా సాగి ఉంటే ఎక్టేసియా, ఒకచోట బుడగలా లేస్తే ఎన్యూరిజం. ఎన్ని ధమనుల్లో, ఎంత మేర ఉందన్నదాన్ని బట్టి 1976 నుంచి మార్కిస్ విభజన అని నాలుగు రకాలు చెబుతున్నాం. రెండు మూడు ధమనుల్లో పొడుగునా ఉన్నది మొదటి రకం, ఒకే ధమనిలో ఒకచోట ఉన్నది నాలుగోది. ఎక్కువగా దెబ్బతినేది కుడి ధమనే. మగవారిలో ఎక్కువ. అమెరికాలో 1983లో వెలువడిన క్యాస్ అధ్యయనంలో యాంజియోగ్రాం చేయించుకున్న 20,000 పైచిలుకు మందిలో 4.9 శాతం మందికి ఉబ్బు కనిపించింది. అంటే క్యాథ్‌ల్యాబ్‌లో మాకు ఇది వింత కాదు. ఇంటికి వెళ్లే కుటుంబానికి మాత్రం వింతే, ఎందుకంటే ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మా వృత్తిలో ఈ లోపం ఉంది, నేను ఒప్పుకుంటాను. బ్లాకు ఉంటే గంటసేపు మాట్లాడతాం, లేకపోతే ఒక్క వాక్యంతో పంపేస్తాం.

కారణం? పెద్దవారిలో సగానికి పైగా కేసుల్లో మూలం కొవ్వు పేరుకునే జబ్బే, అంటే బ్లాకులను పుట్టించేదే. కొందరిలో అది లోపలికి పేరుకుని దారి మూస్తుంది. కొందరిలో గోడ మధ్య పొరలోని సాగే నారలను తినేస్తుంది, గోడ రక్తపు ఒత్తిడికి లొంగిపోతుంది. కొందరికి పుట్టుకతో ఉంటుంది. కొందరికి చిన్ననాటి కవాసాకి జబ్బు వల్ల, మరికొందరికి తకయాసు వంటి ధమని వాపుల వల్ల, మార్ఫాన్ వంటి సంధాన కణజాలపు జబ్బుల వల్ల వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో ఇది తక్కువ కనిపించడం ఒక విచిత్రం. అలాగని మధుమేహం మంచిదని కాదు, వారిలో ధమనులు సన్నబడే వైపు వెళతాయి.

పొగ మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన గంజాం, శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. లోపలి ఊళ్లలో పళ్లకు రుద్దుకునే పొగాకు గుడాఖు, నమిలే పొగాకు ఖైనీ. ధమని గోడకు ఇవేవీ మంచివి కావు. మీ నాన్నగారికి ఏ అలవాటు ఉన్నా ఈ రోజుతో ఆగాలి.

పరీక్షల్లో యాంజియోగ్రాం ముఖ్యమైనదే కానీ దానికీ ఒక పరిమితి ఉంది. అది రక్తం పారే ఖాళీని చూపిస్తుంది, గోడను చూపించదు. బుడగలో సగం గడ్డ నిండి ఉంటే ఆ బొమ్మలో మామూలు నాళంలా కనిపించి మోసం చేస్తుంది. అలాంటప్పుడు సీటీ యాంజియోగ్రాం గోడను, గడ్డను, గోడలో పేరుకున్న సున్నాన్ని (కాల్షియం) చూపిస్తుంది. నాళంలోకే పంపే అల్ట్రాసౌండ్ తీగ అసలు కొలతను చెబుతుంది. ఒక ధమని ఉబ్బినవారికి మరోచోట, ముఖ్యంగా పొట్టలోని మహాధమనిలో కూడా ఉబ్బు ఉండవచ్చు. పొట్ట స్కానింగు ఒకసారి చేయించమని మీ వైద్యుణ్ణి అడగండి.

చికిత్సలో అందరికీ ఒకే సూత్రం ఇప్పటికీ స్థిరపడలేదు. కొవ్వు తగ్గించే స్టాటిన్, రక్తపోటు అదుపు, ఆస్పిరిన్ దాదాపు అందరికీ ఇస్తాం. గుండెపోటు వచ్చి గడ్డ కనిపించినవారికి వార్ఫరిన్ వంటివి కలుపుతాం. బుడగ ఒకేచోట ఉంటే పైతొడుగు ఉన్న స్టెంటుతో దారి మళ్లించవచ్చు. 20 మిల్లీమీటర్లు దాటిన భారీ బుడగలను శస్త్రచికిత్సతో కట్టేసి బైపాస్ చేస్తారు. మీ నాన్నగారిలా పొడుగునా సాగినదానికి ఇవి సాధారణంగా కుదరవు, మందులే ఆధారం.

ఒక్క హెచ్చరిక. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ మూడూ కలిపి ఎక్కువ కాలం నడపరు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. వీటిలో ఏది ఏ తేదీన ఆపాలో మీ వైద్యుడి చేత కాగితం మీద రాయించుకోండి. మల విసర్జన నల్లగా తారులా ఉన్నా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీ చివరి ప్రశ్నకు. మందులు మానకపోతే ఈ గుండెపోటు వచ్చేది కాదని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. అవకాశం తగ్గి ఉండేది. కానీ మీకు అరవాక్యం చెప్పి పంపారు. ఆ నిందను మీరొక్కరే మోయకండి.

---

పట్టుచీర_బరంపురం – ఫిబ్రవరి 4, రాత్రి 8.05

డాక్టరుగారూ, మీ చివరి మాటలు అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “ఇంత వివరంగా అప్పుడే చెప్పి ఉంటే” అని మాత్రం అంది.

నాన్నగారు చుట్ట మానేసి పదేళ్లు. ఖైనీ మాత్రం నిన్నటి దాకా ఉంది. ఆ డబ్బా నేనే బయట పడేశాను. ఇంకో సందేహం. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూర ముట్టకూడదని పక్కింటివారు చెబితే అమ్మ తోటకూర, మునగాకు రెండూ మానిపించింది. నాన్నగారికి ఆకుకూర లేనిదే ముద్ద దిగదు. మా అన్నయ్యా నేనూ కూడా పరీక్ష చేయించుకోవాలా?

---

మందులకొట్టు_రాయగడ – ఫిబ్రవరి 4, రాత్రి 9.20

ముప్ఫై ఏళ్లుగా రాయగడలో మందుల దుకాణం నడుపుతున్నాను. అమ్మా, ఆకుకూర మానిపించవద్దు. ఆకుల్లోని కె విటమిన్ వార్ఫరిన్ పనికి ఎదురు నడుస్తుంది. వారానికి ఎంత తినడం అలవాటో ఆ కొలతే ప్రతి వారం ఉండాలి. ఒక వారం మునగాకు గంపెడు వండి, మరో వారం ఒక్క రెమ్మ కూడా వేయకపోతేనే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఊగిసలాడుతుంది. సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలంటారు. ఇప్పటికే మానిపించారు కనుక, మళ్లీ మొదలుపెట్టే సంగతి డాక్టరుగారికి చెప్పి, వారం రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించండి.

నేను భయపడేది ఆకుకూరకు కాదు. మోకాళ్ల నొప్పులని వచ్చి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అడిగి పట్టుకుపోయే పెద్దవాళ్లకు. వార్ఫరిన్ మీద ఉన్నవారికి అది పొట్టలో పుండు, రక్తస్రావం. ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనికి కూడా అడ్డు తగులుతుంది. విరేచనాలకని మనవాళ్లు కొనుక్కునే మెట్రోనిడజోల్ వార్ఫరిన్ బలాన్ని అమాంతం పెంచుతుంది. నాన్నగారి జేబులో ఒక చీటీ ఉంచండి, ‘వార్ఫరిన్ వాడుతున్నాను’ అని తెలుగులో, ఒడియాలో రెండింటిలో. మా దగ్గర కొట్లో కూర్చునే కుర్రవాళ్లు ఏ భాష చదువుతారో తెలియదు.

---

జయపురం_అమ్మ – ఫిబ్రవరి 5, ఉదయం 11.10

డాక్టరుగారు కవాసాకి పేరు రాశారు. అది చూసి ఆగలేక రాస్తున్నాను. మాది జయపురం, కొరాపుట్ జిల్లా. మా బాబుకు 14 నెలలప్పుడు జ్వరం వచ్చింది. 103 దాటేది, ఏ సిరపుకూ దిగేది కాదు. నాలుగో రోజుకు రెండు కళ్లూ ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. పెదవులు పగిలి నెత్తురు, నాలుక మీద ఎర్రని పొక్కుల్లాంటి చుక్కలు, ఒంటి నిండా దద్దు. అందరూ తట్టు అన్నారు. మా అత్తగారు గుమ్మానికి వేపమండలు కట్టారు. రెండు రకాల యాంటీబయాటిక్ వాడాం.

ఏడో రోజు ఒక చిన్నపిల్లల వైద్యురాలు బాబు చొక్కా విప్పి, ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఎర్రగా ఉబ్బి ఉండడం చూశారు. ఆమె ముఖం మారిపోయింది. “ఈ రాత్రికే విశాఖ వెళ్లండి, ఎకో తీయించండి” అన్నారు. సాలూరు ఘాట్ రోడ్డు మీద ఆ రాత్రి ప్రయాణం ఇప్పటికీ కలలో వస్తుంది. ఎనిమిదో రోజున ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు ఎక్కించారు. బరువు కిలోకు 2 గ్రాములు, మా బాబు 10 కిలోలు, మొత్తం 20 గ్రాములు. రాత్రంతా చుక్కలు చుక్కలుగా. మర్నాటికి జ్వరం దిగింది. రెండో వారంలో వేళ్ల కొసల దగ్గర గోళ్ల చుట్టూ తోలు పొరలుగా ఊడింది. ఎకోలో ఎడమ ధమని ఉబ్బింది.

ఇప్పుడు వాడికి నాలుగున్నర ఏళ్లు. రెండేళ్లకు కొలత మామూలుకు వచ్చింది. అయినా ఏడాదికోసారి వెళుతున్నాం. బరంపురం చెల్లీ, మీ నాన్నగారి చిన్నప్పుడు ఇలాంటి జ్వరం ఏమైనా వచ్చిందా అని నానమ్మగారిని అడిగారా?

---

గుండెవైద్యం_గంజాం – ఫిబ్రవరి 5, రాత్రి 7.45

జయపురం అమ్మగారూ, ఆ వైద్యురాలికి నమస్కారం. బీసీజీ మచ్చ ఎర్రబడడం మన దేశంలో ఎంతో విలువైన ఆనవాలు, పుట్టగానే అందరికీ ఆ టీకా వేస్తాం కనుక. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఇది. అయిదు రోజులు దాటిన జ్వరం, పుసి లేని ఎర్ర కళ్లు, ఎర్రని పెదవులు నాలుక, దద్దు, అరచేతులు అరికాళ్ల వాపు లేదా ఎరుపు, మెడలో గడ్డ. అన్నీ ఒకేసారి కనిపించనక్కర లేదు, ఒకటి వచ్చి పోయాక మరొకటి రావచ్చు. ఆరు నెలల లోపు పసివాళ్లలో చాలా లక్షణాలు కనిపించకుండానే ధమనులు ఉబ్బుతాయి, అక్కడే ఎక్కువ మోసపోతాం. మందు ఇవ్వకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి ధమనులు దెబ్బతింటాయి. జ్వరం మొదలైన పది రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తే అది నూటికి నలుగురైదుగురికి తగ్గుతుంది. అందుకే ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు అని లెక్క పెడతాం.

ఈ మందు ఎక్కించాక తట్టు టీకాను 11 నెలలు వాయిదా వేయాలి, లేకపోతే పట్టదు. ఈ జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్న పిల్లవాడికి ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ వస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

పట్టుచీర గారూ, మీ అన్నాచెల్లెళ్లకు లక్షణాలు లేకపోతే యాంజియోగ్రాం అవసరం లేదు. రక్తపోటు, కొవ్వు చూపించుకోండి. వంశంలో మార్ఫాన్ వంటి జబ్బు ఉంటే వేరే మాట.

---

జయపురం_అమ్మ – ఫిబ్రవరి 5, రాత్రి 8.30

ఆ టీకా దగ్గర నేను ఆశా కార్యకర్తతో గొడవ పడవలసి వచ్చింది. పాపం ఆమె తప్పు లేదు, ఆమె రిజిస్టరులో గడువు దాటిపోతోంది. డిశ్చార్జి కాగితం చూపించి 11 నెలల తేదీని ఆమె చేతే కార్డు మీద రాయించాను.

---

పర్లాకిమిడి_మాస్టారు – ఫిబ్రవరి 6, ఉదయం 5.55

జపాన్‌లో టొమిసాకు కవాసాకి అనే పిల్లల వైద్యుడు 1961లో నాలుగేళ్ల పిల్లవాడిలో ఈ లక్షణాలు చూసి, పేరు లేని జబ్బని రాసి పెట్టుకున్నారు. 1967లో 50 మంది పిల్లల వివరాలతో జపనీస్ భాషలోనే ప్రచురించారు. ఇంగ్లీషులో వచ్చింది 1974లో. తన భాషలో ముందు రాశారన్న సంగతి నాకు చాలా ఇష్టం. మాది గిడుగు రామమూర్తిగారు బడిలో పాఠం చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగులో రాయాలని ఆయన పోరాడారు. డిశ్చార్జి కాగితంలో ఒక్క పేరా రోగి భాషలో ఉంటే ఈ అమ్మాయి తొమ్మిదేళ్ల తర్వాత ఈ ప్రశ్న అడగవలసి వచ్చేది కాదు. సరిహద్దు జిల్లాల్లో తెలుగు, ఒడియా రెండూ కావాలి. అది పెద్ద కోరికేమీ కాదు.

---

పట్టుచీర_బరంపురం – ఫిబ్రవరి 9, సాయంత్రం 6.15

సీడీ దొరికింది! అమ్మ పెళ్లి పట్టుచీర మడతల్లో. విలువైన కాగితాలన్నీ అక్కడే దాస్తుంది. పాత రిపోర్టూ దానితోనే ఉంది. మూడో వరుసలో ‘ఎక్టేసియా’ అని స్పష్టంగా అచ్చయి ఉంది. కానీ మా ఇంట్లో ఏ కంప్యూటరుకూ సీడీ పెట్టే అర లేదు.

---

క్యాథ్‌ల్యాబ్_గుణుపురం – ఫిబ్రవరి 9, రాత్రి 7.00

పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో సీడీని పెన్‌డ్రైవ్‌లోకి యథాతథంగా ఎక్కించమనండి. డైకామ్ ఫైళ్లని (వైద్య పరీక్షల బొమ్మలు దాచే ఫైళ్లు) చెప్పండి. తెర మీద వీడియో ఆడించి ఫోనుతో తీయవద్దు, కొలతలు పోతాయి. మేము కొలిచేది కాథెటర్ గొట్టాన్ని కొలబద్దగా పెట్టుకుని. 6 ఫ్రెంచి గొట్టం అంటే 2 మిల్లీమీటర్లు. అది బొమ్మలో ఉంటేనే ధమని కొలత తేలుతుంది. అసలు సీడీని ఎవరికీ ఇచ్చేయకండి.

---

పట్టుచీర_బరంపురం – ఫిబ్రవరి 16, రాత్రి 9.30

నిన్న విశాఖ వెళ్లి వచ్చాం. డాక్టరుగారు రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి మాకూ చూపించారు. కుడి ధమనిలో అదే చోట అప్పుడు 6.1, ఇప్పుడు 6.8 మిల్లీమీటర్లు. నెమ్మదిగా పెరుగుతోంది, పగిలిపోయే భయం ఇప్పటికి లేదు, అసలు భయం గడ్డే అన్నారు. పొట్ట స్కానింగులో మహాధమని మామూలుగా ఉంది. ఆరు నెలలకు సీటీ యాంజియోగ్రాం. మూడు మందుల్లో ఏది ఎప్పుడు ఆపాలని అడిగాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, ఆస్పిరిన్ ఆపే తేదీని ఎర్ర కలంతో రాసి ఇచ్చారు. రోజూ అరగంట నడవమన్నారు.

నడక మాట వినగానే నాన్నగారు ముఖం విప్పారు. నెల రోజులుగా మేమే ఆయనను మంచం దిగనివ్వలేదు.

మునగాకు మళ్లీ మొదలైంది, వారానికి రెండుసార్లు, ఒకే గిన్నె కొలత. మొన్నటి ఐఎన్‌ఆర్ 2.4. తర్వాతది ఈ నెల 23న. రాగానే ఇక్కడ రాస్తాను.